హలో అనకముందే

2003లో హైదరాబాదులో ఒక కాల్ సెంటర్లో రాత్రి షిఫ్టు చేసేవాణ్ణి. అమెరికాలో ఒక కంపెనీకి ఆ దేశపు జనం చేసే ఫోన్లు ఎత్తి మాట్లాడటం ఉద్యోగం. హెడ్‌సెట్లో 'బీప్' అని చిన్న చప్పుడు వచ్చేది. అదే క్షణంలో కంప్యూటర్ తెర మీద ఒక పెట్టె లేచేది. అందులో ఫోన్ నంబరు, పేరు, ఊరు, ఎన్నేళ్ళ కస్టమరు, కిందటిసారి ఎందుకు ఫోన్ చేశాడు, బాకీ ఎంత - అన్నీ ఉండేవి. అవతలి మనిషి ఇంకా నోరు తెరవలేదు. నేను తెరిచి చెప్పే మొదటి మాటేమో అబద్ధం: "థాంక్యూ ఫర్ కాలింగ్, దిస్ ఈజ్ కెవిన్."

వాళ్ళ అసలు పేరు నా తెర మీద. నా అసలు పేరు వాళ్ళకి తెలిసే దారే లేదు. అప్పట్లో ఇందులో ఏదో వంకర ఉందని నాకు తోచలేదు. ఇరవై మూడేళ్ళ కుర్రాడికి జీతం, క్యాబు, అర్ధరాత్రి బిర్యానీ ఉంటే ఇంకేం తోస్తుంది?

మొన్నామధ్య విజయవాడలో డయాగ్నస్టిక్ ల్యాబు నడిపే స్నేహితుడొకడు, "ఫోన్ రాగానే పేషెంటు వివరాలు రిసెప్షన్ కంప్యూటర్లో వచ్చేలా పెట్టరా" అని అడిగాడు. పెట్టిచ్చాను. ఆ పని చేస్తున్నప్పుడే దీని వెనక కథంతా చదవబుద్ధేసింది.

ఫోన్ పుట్టిన కొత్తలో నంబర్లు లేవు, పేర్లే. బాస్టన్‌లో 1878లో ఎమా నట్ అనే ఆవిడ మొదటి మహిళా ఆపరేటరుగా చేరింది. ఆ కాలపు స్విచ్‌బోర్డు మీద ఒక్కో ఇంటి లైనుకి ఒక్కో చిన్న రేకు మూత ఉండేది. ఎవరైనా ఇంట్లో ఫోన్ హ్యాండిల్ తిప్పితే ఆ లైను మూత 'టక్'మని కింద పడేది. ఎవరింటి నుంచి వస్తోందో ఆపరేటరుకి వాళ్ళు మాట్లాడకముందే తెలిసిపోయేది. నా లెక్కలో మొదటి పాపప్ అదే. కాకపోతే పైకి లేవలేదు, కింద పడింది.

1879లో మసాచుసెట్స్‌లోని లోవెల్ పట్టణంలో పొంగు వ్యాధి ప్రబలింది. ఆ ఊళ్ళో ఉన్నది నలుగురే ఆపరేటర్లు. నలుగురూ ఒకేసారి మంచం పడితే ఎలా? ఏ పేరుకి ఏ లైనో వాళ్ళ బుర్రల్లోనే ఉంది మరి. మోజెస్ గ్రీలీ పార్కర్ అనే డాక్టరు ఒక సలహా ఇచ్చాడు: మనుషులకి నంబర్లు ఇచ్చేద్దాం, అప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళు కూడా కలపగలరు. టెలిఫోన్ నంబరు పుట్టింది అలా, పొంగు భయంతో. ఆపరేటరు బుర్రలోని ఊరిని తీసి కాగితం మీద పెట్టడం అన్నమాట.

ఆ మిగిలిన ఆపరేటరుని కూడా తీసేద్దామన్నది ఆల్మన్ స్ట్రౌజర్. కాన్సస్ సిటీలో శవసంస్కారాల వ్యాపారం చేసేవాడు. పోటీ వ్యాపారి బంధువు ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా ఉండి, తనకి రావాల్సిన ఫోన్లన్నీ అటు కలిపేస్తోందని అతని అనుమానం అంటారు. నిజమో కాదో గానీ, 1891లో మనిషి అవసరం లేని ఎక్స్ఛేంజికి పేటెంటు వచ్చింది. మరుసటి ఏడాది ఇండియానా రాష్ట్రం లాపోర్ట్‌లో అది పనిచేయడం మొదలెట్టింది. దాంతో ఎవరు ఎవరికి చేస్తున్నారో తెలిసిన మూడో మనిషి మధ్యలోంచి తప్పుకోవడం మొదలైంది. ఆ తర్వాత దాదాపు వందేళ్ళపాటు ఫోన్ మోగితే ఎవరో తెలియదు. ఎత్తి అడగాల్సిందే. మన దగ్గర "హలో, ఎవరండీ?" అన్నది ఆ వందేళ్ళ మాట. (మా ఊళ్ళో ఆ కాలం ఆలస్యంగా వచ్చింది. నా చిన్నప్పుడు ఎక్స్ఛేంజిలో ఆపరేటరు గారు మా నాన్న గొంతు వినగానే "ఏలూరేనా మాస్టారూ" అనేవారట.)

ఫోన్ చేసేవాడి నంబరుని అవతలికి పంపే పద్ధతి మీద థియోడర్ పరాస్కెవాకోస్ అనే గ్రీకు ఇంజినీరు 1960ల చివర్నుంచి పనిచేసి 1973లో పేటెంటు సంపాదించాడు. బెల్ కంపెనీల సేవగా అది అమెరికన్ ఇళ్ళకి చేరేసరికి 1980ల చివరాఖరు, ముందుగా న్యూజెర్సీలో. పనిచేసే తీరు ముచ్చటగా ఉంటుంది. అక్కడ మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్య నాలుగు సెకండ్ల నిశ్శబ్దం ఉంటుంది. ఆ సందులో ఎక్స్ఛేంజి, పాత మోడెమ్ కూతలాంటి శబ్దంలో, సెకండుకి 1200 బిట్ల వేగంతో నంబరుని పంపేస్తుంది. మొదటి రింగు పూర్తికాకుండానే ఎత్తేశారా, ఎవరో తెలియదు. తెలుసుకోవాలంటే ఒక రింగు ఓపిక పట్టాలి.

ఇప్పుడు వింతగా అనిపిస్తుంది గానీ, దీని మీద అమెరికాలో పెద్ద గొడవే అయింది. భర్త దగ్గర్నుంచి పారిపోయి ఆశ్రమంలో తలదాచుకున్న స్త్రీ పిల్లలతో మాట్లాడటానికి ఇంటికి ఫోన్ చేస్తే? కౌన్సెలర్ తన ఇంటి నుంచి చేస్తే? పెన్సిల్వేనియాలో ఇది ఆ రాష్ట్రపు ఫోన్ ట్యాపింగ్ చట్టానికి విరుద్ధమని కోర్టు తేల్చింది, 1992లో అక్కడి సుప్రీం కోర్టూ అదే మాటంది. కాలిఫోర్నియా నియంత్రణ సంస్థ పెట్టిన షరతుల పుణ్యమా అని అక్కడ ఆ సేవ 1996 దాకా రాలేదు. చివరికి కేంద్ర స్థాయిలో నియమాలు వచ్చి, స్టార్ 67 నొక్కి చేస్తే నంబరు కనపడదు అన్నదగ్గర రాజీ కుదిరింది.

ఆ గొడవంతా ఇంటికీ ఇంటికీ మధ్య. కంపెనీల సంగతి వేరే. 800తో మొదలయ్యే ఉచిత నంబరుకి చేస్తే బిల్లు కట్టేది కంపెనీ. డబ్బు కట్టేవాడికి ఎవరు చేశారో తెలియాలి కదా అన్న న్యాయం మీద, బిల్లింగు కోసం నడిచే వేరే పద్ధతిలో నంబరు దానికి అందుతుంది. అక్కడ స్టార్ 67 పప్పులుడకవు. ఇంట్లో పక్కవాడి ఫోన్‌లో నంబరు కనబడితే కోర్టుకెళ్ళిన దేశంలో, లక్షల పేర్లున్న కంపెనీ కంప్యూటర్లో కనబడితే అంత గొడవ జరగలేదు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది ఇదే. కనబడే డబ్బాకి భయపడ్డారు. కనబడని తెరకి భయపడలేదు.

ఫోన్ ఒక తీగ, కంప్యూటర్ ఇంకో తీగ. రెండిటినీ కలపడమే మిగిలింది. 1990ల మొదట్లో దీనికి రెండు దారులు పోటీపడ్డాయి. మైక్రోసాఫ్ట్, ఇంటెల్ కలిసి 1993లో ప్రకటించిన టాపీ పద్ధతి మొదట్లో బల్ల మీది ఫోన్‌నీ బల్ల మీది కంప్యూటర్‌నీ కలపడం మీద దృష్టి పెట్టింది. నోవెల్, ఏటీ అండ్ టీ కలిసి తెచ్చిన టీశాపీ మాత్రం ఆఫీసు ఎక్స్ఛేంజినే ఒక సర్వర్‌కి కలిపింది. మా కాల్ సెంటర్లో ఉన్నది రెండో దారి లాంటిదే. ఎక్స్ఛేంజి "ఈ నంబరు నుంచి వచ్చిన కాల్ ఫలానా ఎక్స్‌టెన్షన్‌కి వెళుతోంది" అని సర్వర్‌కి కబురు చెబుతుంది. సర్వర్ ఆ నంబరుని డేటాబేసులో వెతికి, ఆ ఎక్స్‌టెన్షన్ ముందు ఏ కంప్యూటర్ ఉందో చూసి, అక్కడ పెట్టె తెరుస్తుంది. గొంతూ కాగితమూ వేర్వేరు దారుల్లో సముద్రాలు దాటి వచ్చి నా ముందు కలుసుకునేవి. ఒక్కోసారి గొంతు ముందొచ్చేది, పెట్టె రెండు సెకండ్లు ఆగి వచ్చేది. ఆ రెండు సెకండ్లూ "హౌ ఆర్ యూ టుడే" అని సాగదీసేవాళ్ళం.

పేరు పెట్టి పలకరించమని మా ట్రైనింగు. ఒక రాత్రి పెట్టెలో మగ పేరు వచ్చింది, పదకొండేళ్ళ కస్టమరు. ఆ పేరుతోనే పలకరించాను. అవతల ఒక పెద్దావిడ గొంతు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నీకు ఆయన తెలుసా?" అంది.

కోపంగా కాదు. ఆశగా అడిగింది. ఆయన పోయి రెండేళ్ళయిందట. ఇంట్లోకి ఆ పేరుతో పిలిచే ఫోన్లు రావడం ఆగిపోయాయట. నేను తెలియదని చెప్పాను. ఎలా పలికావు మరి అంది. తెర మీద వచ్చిందని చెప్పకూడదు. ఏదో నసిగాను. బిల్లులో రెండు డాలర్ల తేడా గురించి అడిగి, పెట్టేసేముందు, "పేరు మార్చకు" అంది.

నియమం ప్రకారం ఖాతాదారు మరణించారని నోట్స్‌లో రాయాలి, పత్రాలు పంపమనాలి. నేను 'బిల్లు తేడా, సరిచేశాను' అని మాత్రం టైప్ చేశాను. అంటే తర్వాత ఆవిడ ఎప్పుడు చేసినా ఇంకో కెవిన్ తెర మీద అదే పేరు లేచి ఉంటుంది, ఆవిణ్ణి మళ్ళీ అదే పేరుతో పలకరించి ఉంటాడు. నేను చేసింది మేలో కాదో నాకిప్పటికీ తెలియదు.

లోవెల్ ఆపరేటరుకి ఆ ఇబ్బంది ఉండేది కాదు. ఆయన పోయిన సంగతి ఆవిడకి ఆ సాయంత్రమే తెలిసి ఉండేది. యంత్రానికి తెలిసేది తీగ ఎవరిదన్నదే గానీ, తీగ పట్టుకున్నదెవరో కాదు.

మార్క్ స్పెన్సర్ అనే కుర్రాడు 1999లో అలబామాలో మొదలెట్టిన ఆస్టరిస్క్ పుణ్యమా అని, ఒకప్పుడు పెద్ద కంపెనీలకే సాధ్యమైన ఈ హంగు ఇప్పుడు మామూలు కంప్యూటర్ ఉన్న ఎవరికైనా దొరుకుతుంది. మా వాడి ల్యాబులో రెండు సాయంత్రాల్లో పని అయిపోయింది. మూడో రోజు చిక్కు తెలిసింది. మన ఇళ్ళలో ఒక నంబరు మీద నలుగురుంటారు. కొడుకు నంబరు మీద తండ్రి షుగర్ రిపోర్టు, తల్లి థైరాయిడ్, కోడలి ప్రెగ్నెన్సీ టెస్టు. ఫోన్ మోగితే ఎవరి కాగితం లేవాలి? ఆ నలుగురి పేర్లూ వరసగా చూపించి, రిపోర్టులు మాత్రం నొక్కితేగానీ తెరుచుకోకుండా పెట్టాను. "ఒకేసారి అన్నీ వస్తే పనైపోతుంది కదరా" అన్నాడు వాడు. కోడలి రిపోర్టు సంగతి మామగారికి రిసెప్షన్లో అమ్మాయి నోటి నుంచి తెలియాలా అని అడిగితే ఊరుకున్నాడు.

నేనక్కడున్న చివరి రోజు ఫోన్ మోగింది. తెర మీద నాలుగు పేర్లు లేచాయి. ఆ అమ్మాయి వాటిని చూసింది, రిసీవర్ ఎత్తి, "హలో, ఎవరండీ మాట్లాడేది?" అంది.

మా వాడు నెత్తి కొట్టుకున్నాడు. "ఎదురుగా కనబడుతుంటే మళ్ళీ అడుగుతావేంటమ్మా?"

ఆ అమ్మాయి రిసీవర్‌ని చేత్తో మూసి, "వాళ్ళని చెప్పనివ్వండి సార్" అంది.