పెరటి షెడ్డుకు చలికాలం కష్టాలు: ముందు తేమ, తర్వాతే వెచ్చదనం

నిజామాబాద్, బోధన్‌లలో పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని వడ్రంగం, వెల్డింగ్, కుట్టుపని చేసుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. డిసెంబర్, జనవరిలో కొన్ని రాత్రులు చలి 10 డిగ్రీల దాకా దిగుతుంది. పనిముట్లను పాడుచేసేది మాత్రం చలి కాదు, తేమ.

షెడ్డులోని గాలిలో ఉన్న ఆవిరి రాత్రి చల్లబడ్డ రేకుకు తగిలి బొట్లుగా మారుతుంది. తెల్లారేసరికి ఉలి, రంపం తుప్పు పడతాయి, చెక్క ఉబ్బుతుంది. బోధన్ వైపు నల్లరేగడి నేల, నిజాంసాగర్ కాలువ కింద వరి, చెరకు మళ్లు. అందుకే తడి నేలలోంచి కూడా పైకి ఎక్కుతుంది.

కొత్తగా కట్టేటప్పుడు గచ్చు కింద మందపాటి పాలిథిన్ పట్టా పరవాలి. పాత షెడ్డయితే కలప, బట్టల మూటలు ఇటుకల మీద ఎత్తి పెడితే చాలు. ఎదురెదురు గోడల్లో పైన గాలి కన్నాలు ఉంచాలి. మధ్యాహ్నం ఎండకు తలుపులు బార్లా తీయాలి. పని అయ్యాక పనిముట్లు తుడిచి మిషన్ ఆయిల్ రాయాలి. రేకు కింద థర్మాకోల్ కొడితే బొట్లు తగ్గుతాయి, కానీ వెల్డింగ్ చేసే చోట అది వద్దు, నిప్పు అంటుకుంటుంది.

గ్యాస్ పొయ్యి వెలిగిస్తే వేడితో పాటు ఆవిరీ పెరుగుతుంది. తలుపులు మూసి బొగ్గుల కుంపటి, అంటే సిగ్డీ, పెట్టుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. దాంట్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉంటే వెంటనే బయటికి వచ్చి 108కు ఫోన్ చేయాలి. కుంపటి పెట్టుకుని షెడ్డులో పడుకోవడం అసలే వద్దు. స్వెట్టర్, కాళ్ల కింద గోనెసంచి చాలు.