కల్లితండా సిపాయి: జ్ఞాపకమూ హక్కూ

గోదావరిఖనిలో చావుకు బాయి నంబరు ఉంటది. 2003 జూన్ 16న 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు పోయిన్రు. ఆ నంబరు చెబితే చాలు, ఇక్కడ ఇంకేమీ వివరించే పని లేదు. మనిషి చావును అతను చేసిన పని నుంచి విడదీసి చూడకూడదని మాకు నేర్పింది ఈ బొగ్గుబెల్టే. ఆ చూపుతోనే ఇక్కడ ఒక సిపాయిని గుర్తు చేసుకుంటున్నాం.

అతని పేరు మురళీనాయక్. ఊరు శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా. సుగాలీ బిడ్డ. తల్లిదండ్రులు బతుకుదెరువు కోసం ముంబయికి వలస పోయి కూలిపని చేసుకున్నవాళ్లు. వాళ్లకు ఒక్కడే కొడుకు. 2025 మేలో భారత్, పాకిస్తాన్ సైన్యాల మధ్య కాల్పులు సాగుతున్న రోజుల్లో, జమ్మూ కశ్మీర్‌లో నియంత్రణ రేఖ దగ్గర మే 9న ప్రాణం విడిచాడు. మే 11న తండాలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. మంత్రులు వచ్చి పాడె దగ్గర నిలబడ్డారు. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, 5 ఎకరాల భూమి, ఇంటి స్థలం, తండ్రికి ఉద్యోగం ప్రకటించింది. ఆ గౌరవాన్ని మేము తక్కువ చేయడం లేదు. బతికున్న తండాకు ఎన్నడూ రాని సర్కారు చచ్చినంకైనా వచ్చిందని సంతోషపడాల్నా? ఈ ప్రశ్న మాత్రం మమ్మల్ని వదలదు.

అయితే వీరగాథల్లో వెనక్కి పోయే మాట ఒకటుంది. మురళీనాయక్ అగ్నివీర్. 2022 జూన్ 14న కేంద్రం ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో కొలువు నాలుగేండ్లే. ఆ తర్వాత నూటికి 25 మందికి మించి కొనసాగించరు. పింఛను లేదు. యుద్ధంలో చనిపోతే బీమా, ఎక్స్‌గ్రేషియా కింద పెద్ద మొత్తమే అందుతుంది, నిజమే. కానీ పర్మనెంటు సిపాయి కుటుంబానికి నెలనెలా వచ్చే పింఛను అగ్నివీర్ కుటుంబానికి రాదు. ఒకే కందకం, ఒకే శత్రువు, ఒకే చావు. కాగితం మాత్రం వేరు. ఈ తేడాను ప్రశ్నిస్తూ మురళీనాయక్ తల్లి బొంబాయి హైకోర్టుకెక్కింది.

బొగ్గుబెల్టు వాళ్లకు ఈ లెక్క కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఒకే గనిలో పర్మనెంటు కార్మికుడికీ కాంట్రాక్టు కార్మికుడికీ మధ్య ఎంత దూరమో మనకు ఎరుకే. 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగింది అందుకే. అదే ఏడు జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో అగ్నిపథ్‌కు వ్యతిరేకంగా జరిగిన ఆందోళనలో వరంగల్ జిల్లా యువకుడు దామెర రాకేశ్ పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అతను సైన్యంలో చేరాలనుకున్నవాడే. ఒకడు కొలువు దొరికి సరిహద్దులో పోయిండు, ఇంకొకడు కొలువు అడుగుతూ రైల్వే స్టేషన్లో పోయిండు. ఇద్దరినీ ఒక్క చరిత్రలోనే రాయాలె.

అట్ల రాయడం మనకు కొత్త కాదు. 1818 జనవరి 1న జరిగిన కోరేగావ్ యుద్ధంలో చనిపోయినవాళ్ల పేర్లు అక్కడి స్తంభం మీద చెక్కి ఉన్నాయి. వాటిలో 22 మహర్లవి. అదే మహర్లకు 1890ల్లో బ్రిటిష్ సైన్యం తలుపు మూసింది. అవసరమున్నన్నాళ్లు సిపాయి, అవసరం తీరితే అంటరానివాడు. 1927 జనవరి 1న అంబేద్కర్ ఆ స్తంభం దగ్గరికి పోయింది పూలు పెట్టి రావడానికి మాత్రమే కాదు. సుబేదారు కొడుకైన ఆయన ఆ చావుల పేరు మీద బతికున్నవాళ్ల హక్కు అడిగాడు. చివరికి 1941లో మహర్ రెజిమెంటు ఏర్పడింది. అంటే జ్ఞాపకం హక్కుగా మారడానికి తరాలు పట్టింది.

కాబట్టి మిత్రులారా, సిపాయికి విగ్రహం పెడితే పని అయిపోదు. మన వాడల నుంచి, తండాల నుంచి సైన్యానికి పోయినవాళ్ల పేర్లు, వాళ్లు ఏ షరతుల మీద పోయిన్రో, ఇంటికి ఏం దక్కిందో రాసి పెట్టాలె. టీచర్లు పిల్లలతో ఇంటింటికీ తిరిగి ఈ పని మొదలుపెట్టవచ్చు. కల్లితండా తల్లి కోర్టులో అడుగుతున్నది దానం కాదు, పక్క సిపాయి తల్లికి దక్కేదే తనకూ దక్కాలని. ఆ మాట లేకుండా మురళీనాయక్‌ను తలుచుకుంటే అది సగం జ్ఞాపకమే.