వెలుతురు దారులు: బేకర్ స్ట్రీట్ భూగర్భ రైల్వే స్టేషన్ చరిత్ర, నిర్మాణరీతి

కీలకపదాలు: భూగర్భ రైలుమార్గం, మెట్రోపాలిటన్ రైల్వే, బేకర్ స్ట్రీట్, జాన్ ఫౌలర్, నగరచరిత్ర

ఉపోద్ఘాతం

లండన్‌లోని బేకర్ స్ట్రీట్ స్టేషన్‌లో అయిదు, ఆరు నంబర్ల ప్లాట్‌ఫారాల పక్క గోడల్లో వరుసగా లోతైన గూళ్లు కనిపిస్తాయి. ఒక్కొక్క గూడూ లోపలికి పోయేకొద్దీ ఏటవాలుగా పైకి లేస్తుంది. ఇప్పుడు వాటిలో విద్యుద్దీపాలు వెలుగుతున్నాయి. 1863లో ఆ దారుల గుండా దిగివచ్చినది పగటి వెలుతురు. ప్రపంచంలో ప్రయాణికుల కోసం నిర్మించిన తొలి భూగర్భ రైలుమార్గం మెట్రోపాలిటన్ రైల్వే. ఆ ఏడాది జనవరి 10న ప్యాడింగ్టన్ నుంచి ఫారింగ్డన్ స్ట్రీట్ వరకు అది ప్రజలకు అందుబాటులోకి వచ్చినప్పుడు ఉన్న ఏడు స్టేషన్లలో బేకర్ స్ట్రీట్ ఒకటి. విక్టోరియా యుగపు ఇంజనీరింగ్ విజయాల జాబితాలో దీనికి స్థానం ఎప్పుడూ ఉంటుంది. అయితే ఆ గూళ్లను నిదానంగా పరిశీలిస్తే, విజయంతో పాటు గురి తప్పిన ఒక అంచనా కూడా అక్కడ నమోదై ఉన్నదని తెలుస్తుంది.

దారి కింద దారి

ఈ మార్గం కోసం ఏళ్ల తరబడి వాదించినవాడు చార్లెస్ పియర్సన్. ఆయన లండన్ సిటీ కార్పొరేషన్‌కు న్యాయవాది. కిక్కిరిసిన మురికివాడల్లో బతుకుతున్న కార్మికులు ఊరి వెలుపల ఇళ్లు చూసుకుని, తక్కువ చార్జీతో పనికి వచ్చిపోవాలన్నది ఆయన ఆశయం. కార్పొరేషన్ చేత పెట్టుబడి పెట్టించడంలోనూ ఆయనదే ప్రధాన పాత్ర. 1860లో పని మొదలైంది. ప్రధాన ఇంజనీరు జాన్ ఫౌలర్.

భూమిని లోపలి నుంచి తొలుచుకుంటూ పోయే పద్ధతి కాదు అది. వీధిని పైనుంచి కందకంగా తవ్వి, ఇరువైపులా ఇటుక గోడలు లేపి, పైన కమాను కట్టి, మళ్లీ మట్టి కప్పి రోడ్డు వేశారు. మామూలు సొరంగభాగంలో కమాను వెడల్పు 28 అడుగుల 6 అంగుళాలు. స్టేషన్ల దగ్గర ప్లాట్‌ఫారాలకు చోటు కావాలి కనుక దానిని ఇంకా వెడల్పు చేశారు. తవ్వకంలో అధికభాగం మనుషుల చేతులమీదుగానే సాగింది.

పశ్చిమభాగంలో మార్గం చాలావరకు విశాలమైన రోడ్డు కిందనే నడిచింది. బేకర్ స్ట్రీట్ స్టేషన్ మేరిల్‌బోన్ రోడ్డు కింద ఉండడానికి కారణం ఇదే. ప్రజల రోడ్డు కింద తవ్వితే స్థలం కొనవలసిన పని తగ్గుతుంది, ఇళ్లు కూల్చవలసిన పనీ తగ్గుతుంది. కాని నెత్తిన రోడ్డు ఉన్నప్పుడు పైకప్పును గాజుతో తెరిచి ఉంచడం కుదరదు. ఎడ్జ్‌వేర్ రోడ్, కింగ్స్ క్రాస్ స్టేషన్లకు ఆకాశం దక్కింది. బేకర్ స్ట్రీట్, గోవర్ స్ట్రీట్‌లకు ఇటుక కమాను దక్కింది. అందువల్ల వెలుతురును రోడ్డుకు రెండు పక్కల నుంచి, తెల్లని మెరుపు పలకలు పరిచిన ఏటవాలు దారుల గుండా ప్లాట్‌ఫారం మీదికి దించారు. భూసేకరణ లెక్కల్లోంచి పుట్టిన శిల్పం ఇది.

ఫౌలర్ దయ్యం

ఈ మార్గంలో నిప్పు లేని ఇంజను నడపవచ్చునని ఫౌలర్ మొదట భావించాడు. బాగా కాగిన ఇటుకల్లో వేడిని నిల్వచేసి, సొరంగంలో ఆ వేడితోనే ఆవిరి పుట్టించాలన్నది ఊహ. 1861లో జరిపిన పరీక్షలో ఆ ఇంజను విఫలమైంది. తర్వాత దానికి ‘ఫౌలర్ దయ్యం’ అనే పేరు మిగిలింది. మార్గం తెరిచేనాటికి వచ్చినవి మామూలు ఆవిరి ఇంజన్లే. వాడిన ఆవిరిని తొట్టెల్లోని నీటిలోకి మళ్లించి చల్లార్చే ఏర్పాటు వాటికి ఉండేది. ఆ ఏర్పాటు ఆవిరిని అణచగలదు గాని, నిప్పుగూటి నుంచి వచ్చే గంధకపు వాయువులను ఏం చేయగలదు? పొగ రాని ఇంజనును నమ్ముకుని వేసిన ప్రణాళికలో గాలి సమస్యకు తగినంత చోటు లేకపోయింది. వెలుతురు దారులు పొగగొట్టాల పని చేయలేవు.

అయినా జనం వచ్చారు. మొదటిరోజు ప్రయాణించినవారు సుమారు 38,000 మంది. మొదటి సంవత్సరంలో దాదాపు 95 లక్షల ప్రయాణాలు జరిగాయి. ఊపిరాడక ఇబ్బందిపడేవారి కోసం ఒక మందులషాపు యజమాని ‘మెట్రోపాలిటన్ మిక్స్చర్’ అనే మందు ఇచ్చేవాడన్న సంగతి 1897 నాటి ప్రభుత్వ విచారణలో బయటపడింది. పొగ పోవడానికి మరిన్ని రంధ్రాలు తెరవవచ్చునని ఆ విచారణ సిఫారసు చేసింది. అవి తెరవకముందే, 1905లో, విద్యుత్ రైళ్లు వచ్చాయి.

కట్టడంలో కనిపించనివారు

పియర్సన్ మార్గం తెరవడాన్ని చూడలేదు. 1862 సెప్టెంబరులో మరణించాడు. ఆయన కోరిన చౌక రైళ్లు 1864 మే నుంచి నడిచాయి. తెల్లవారుజామున బయలుదేరే కార్మికుడికి రానుపోను చార్జీ మూడు పెన్నీలు. మామూలు వేళల్లో మూడో తరగతిలో ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకవైపు ప్రయాణానికే అంత అయ్యేది. ఆశయం ఆ మేరకు నెరవేరింది.

కాని తూర్పుభాగంలో, కింగ్స్ క్రాస్ దాటి ఫ్లీట్ లోయలో, మార్గం పేదల ఇళ్ల మీదుగా పోయింది. నష్టపరిహారం ఆస్తి యజమానులకు దక్కింది. వారానికింత అని అద్దె కట్టేవారు సామాను సర్దుకుని పక్కనున్న ఇరుకు వీధుల్లోకే చేరారు. రైలు ఎవరిని ఇరుకులోంచి బయటికి తీసుకుపోవాలని పియర్సన్ తలచాడో, వారిలో కొందరిని దాని నిర్మాణమే మరింత ఇరుకులోకి నెట్టింది. బేకర్ స్ట్రీట్‌ను మాత్రమే చూసి మెట్రోపాలిటన్ చరిత్ర రాస్తే ఈ భాగం జారిపోతుంది.

పునరుద్ధరణ

1980వ దశకం తొలినాళ్లలో అయిదు, ఆరు ప్లాట్‌ఫారాలను 1863 నాటి రూపానికి దగ్గరగా పునరుద్ధరించారు. పని శ్రద్ధగా జరిగింది. కమాను ఒడుపు స్పష్టంగా కళ్లకు కడుతుంది. అయితే అక్కడ కనిపించేది ప్రారంభదినాన ఉండవలసిన స్టేషన్, ఫౌలర్ మనసులోని స్టేషన్. నలభై రెండేళ్లపాటు ప్రయాణికులు చూసినది మసి పట్టిన ఇటుక, గ్యాసు దీపాల మసక, కళ్లు మండించే గాలి. పైకి తెరుచుకున్న ఆ దారులు ఇప్పుడు మూసుకుపోయాయి. వాటి లోపల అమర్చిన దీపాలు పగలూ రాత్రీ ఒకే తీరున వెలుగుతుంటాయి.