అంగడి పాట, ఎల్లా గొంతు

అమెరికన్ నాటకశాలల పాటలు ధనికుల విలాసమనీ, నల్లజాతి గాయని పాడినంత మాత్రాన అవి ప్రజల పాటలు కాబోవనీ వాదించే మిత్రులు మనలో వున్నారు. చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను. ఒక పాట చరిత్ర నా అభిప్రాయాన్ని మార్చింది.

1956లో నార్మన్ గ్రాంజ్ వెర్వ్ రికార్డుల సంస్థను స్థాపించి, ఎల్లా ఫిట్జెరాల్డ్ చేత కోల్ పోర్టర్ పాటలు 32 పాడించి, రెండు ఎల్.పి. రికార్డులుగా వెలువరించాడు. పోర్టర్ ఇండియానాలో సంపన్నుల ఇంట పుట్టి, యేల్‌లో చదివినవాడు. ఎల్లా పదిహేనేళ్లకే తల్లిని పోగొట్టుకొని, అనాథాశ్రమంలోనూ బాలికల దిద్దుబాటు పాఠశాలలోనూ రోజులు వెళ్లబుచ్చి, 1934లో హార్లెంలోని అపోలో నాటకశాల పోటీలో నెగ్గిన పిల్ల.

ఆ 32లో 'లవ్ ఫర్ సేల్' ఒకటి. తన వలపును సరుకుగా చాటుకొనే స్త్రీ పాట అది. 1930 డిసెంబరులో 'ది న్యూయార్కర్స్' నాటకంలో మొదట దీనిని తెల్లజాతి నటి పాడింది. అసభ్యమని గగ్గోలు పుట్టింది. అప్పుడు నిర్మాతలు చేసిందేమిటి? పాటను తీసివేయలేదు. పాడే మనిషిని మార్చారు! నల్లజాతి గాయని ఎలిజబెత్ వెల్ష్‌కు పాటను అప్పగించి, దృశ్యాన్ని హార్లెంలోని కాటన్ క్లబ్ ముందుకు జరిపారు. దానితో నీతికి వచ్చిన లోపం తీరిపోయింది. తెల్ల స్త్రీ అమ్ముడుపోతే అవమానం. నల్ల స్త్రీ అమ్ముడుపోతే లోకసహజం. (రేడియోవారి నీతి మరికొంత గట్టిది: మాటలు వద్దు, వాద్యాలపై వాయిస్తే సరే అన్నారు.)

పావు శతాబ్దం తరువాత ఎల్లా అదే పాట పాడింది. ఆ గొంతులో దీనత్వం లేదు, కవ్వింపూ లేదు. ప్రతి మాటా తేటగా పలుకుతుంది, జాలి అడగదు. బిల్లీ హాలిడే గొంతులోని గాయం ఇక్కడ వినిపించదన్న మాట నిజమే. కాని ఈ నిబ్బరాన్ని సుఖజీవితపు లక్షణమనుకుంటే పొరబాటు. రికార్డింగుకు నాలుగు నెలల ముందు, 1955 అక్టోబరులో, హ్యూస్టన్‌లో గ్రాంజ్ తెల్లవారినీ నల్లవారినీ కలిపి కూర్చోబెట్టి కచేరీ చేయించాడు. పోలీసులు తెర వెనుక గదిలో చొరబడి, పాచికల జూదమని నేరం మోపి, ఎల్లాతోపాటు డిజ్జీ గిలెస్పీనీ గ్రాంజ్‌నూ మరి యిద్దరినీ ఠాణాకు నడిపించారు. విడిచిపెట్టగానే ఆమె తిరిగివచ్చి ఆ రాత్రి రెండో కచేరీలో పాడింది.

అయినా ఆ మిత్రుల వాదంలో ఒక ముక్క మిగిలే వుంది. 1964 వరకు సాగిన ఈ వరుసలోని ఎనిమిది సంపుటాలలో నల్లజాతి స్వరకర్త పేరు మీద వచ్చినది ఒక్కటే, 1957 నాటి డ్యూక్ ఎలింగ్టన్ సంపుటం. ఆ ఒక్కదానికే స్వరకర్త స్వయంగా తన బృందంతో వచ్చి ఆమె పక్కన వాయించాడు.