తలారి ఎవరికి జవాబు చెప్పేవాడు

పోలీసులకు తోడుగా జనం కాపలా కాయడం గురించి ఇవాళ అదేదో కొత్త ఆలోచన అన్నట్టు మాట్లాడుకుంటున్నాం. మైత్రి సంఘాలు, శాంతి కమిటీలు, కాలనీవాసుల చందాలతో వెలిసిన సీసీ కెమెరాలు అన్నీ ఆధునిక పోలీసు శాఖ చొరవతో వచ్చినవేనని అనుకుంటున్నాం. చరిత్ర తిరగేస్తే ఈ వరస తారుమారవుతుంది. తెలుగునాట ఊరి కాపలా ముందు పుట్టింది, పోలీసు ఠాణా చాలా తరవాత వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇప్పుడు మనకు తెలిసిన రూపంలో పోలీసు శాఖ ఏర్పడింది 1859 చట్టంతోనే. అంతకు ముందు తరతరాలుగా దొంగ జాడ తీసే పని తలారిది. అయితే ఇది పాతకాలాన్ని పొగడడానికి పనికొచ్చే కథ కాదు. కాపలా కాసేవాడు ఎంత చురుకైనవాడు, చేతిలో కర్ర ఉందా తుపాకీ ఉందా అన్నవాటి కన్నా, తప్పు జరిగిననాడు అతను ఎవరికి జవాబు చెప్పాలన్నదే ఫలితాన్ని తేల్చింది. కావలి పొందే జనానికి జవాబు చెప్పినంత మేరకు అది జనానికి అండగా నిలిచింది. పైవాళ్లకు మాత్రమే జవాబు చెప్పిన ప్రతిసారీ కావలివాడే జనానికి భయమయ్యాడు.

1812లో బ్రిటిష్ పార్లమెంటు ముందుకు వచ్చిన అయిదో నివేదిక దక్షిణాది ఊరి ఉద్యోగుల పట్టిక ఇచ్చింది. అందులో పెద్దకాపు, కరణాల తరవాత తలారి, తోటి కనిపిస్తారు. నేరాల సమాచారం సేకరించడం, ఒక ఊరి నుంచి మరో ఊరికి పోయే బాటసారులకు తోడు వెళ్లడం తలారి పని. పంటకు కాపలా ఉండడం, కొలతల్లో సాయపడడం తోటి పని. ఇద్దరికీ జీతం సర్కారు ఖజానా నుంచి వచ్చేది కాదు. కొంత మాన్యం భూమి ఉండేది, మిగతాది కళ్లంలో దొరికేది. కళ్లంలో రాశి కొలిచేటప్పుడు గింజలు ఇంటికి చేరకముందే ఊరి సేవకులైన ఆయగాండ్ర మేరలు, అంటే ధాన్యం వాటాలు, తీసిపెట్టేవారు. వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి ఎలాగో తలారికీ అలాగే. అంటే ప్రతి రైతూ తన గింజలతోనే తన కావలివాడిని పోషించాడు. పని సరిగా చేయని తలారిని ఏటా కళ్లంలోనే నిలదీసే వీలు రైతుకు ఉండేది. ఇక పోయిన సొమ్ముకు కావలివాళ్లు దొంగనైనా చూపాలి, నష్టమైనా కట్టివ్వాలి అన్న నియమం దక్షిణాది కావలి ఏర్పాట్లలో విస్తృతంగా ఉండేది. దీని మూలాలు చాలా పాతవి. ఊళ్లో బస చేసిన వర్తకుడి సరుకు పోతే గ్రామాధికారి భర్తీ చేయాలంటుంది అర్థశాస్త్రం. దొంగ అడుగుజాడ ఊరు దాటి పోయినట్టు చూపలేకపోతే తప్పు ఆ ఊరిదేనంటుంది యాజ్ఞవల్క్య స్మృతి. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలోనే కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నిఘాతో పాటే నష్టానికి పూచీ కూడా ఉండాలన్న భావన ఈ నేలకు అరువు తెచ్చుకున్నది కాదు.

ఈస్టిండియా కంపెనీ పాలన ఈ ముడిని మెల్లగా విప్పేసింది. పాలెగాళ్లు, కావలిదార్లు వసూలు చేసుకునే కావలి రుసుములను సర్కారు తన రాబడిలో కలుపుకుంది. బెంగాల్లో కారన్‌వాలిస్ పెట్టిన, సర్కారు నియమించే పోలీసు అధికారి అయిన దరోగా పద్ధతిని 1802లో మద్రాసుకు తెచ్చింది. ఊరితో సంబంధం లేని దరోగాకు ఊరి దొంగ ఎలా తెలుస్తాడు? అందుకే థామస్ మన్రో నాయకత్వంలోని కమిషన్ సలహాతో 1816లో 11వ రెగ్యులేషన్ వచ్చి, పోలీసు పనిని మళ్లీ గ్రామపెద్దకు, తలారికి అప్పగించింది. రాత్రి గస్తీ, కొత్తవాళ్ల రాకపోకలపై కన్ను, అనుమానితుల కబురు తలారి విధులు. నేరస్థుణ్ని పట్టి పైకి పంపడం గ్రామపెద్ద విధి. చూడడానికి ఇది పాత ఏర్పాటుకు పునరుద్ధరణే. కానీ తిరిగొచ్చింది పనే, పూచీ కాదు. దొంగను చూపలేకపోతే సొమ్ము కట్టివ్వాలన్న నియమం వెనక్కి పోయింది, తహసీల్దారుకు కబురు పంపాలన్న నియమం ముందుకు వచ్చింది. 1864లో వచ్చిన గ్రామ పన్ను చట్టం మిగిలిన ముడినీ సడలించింది. కళ్లంలో మేర స్థానంలో సర్కారు వసూలు చేసి ఇచ్చే జీతం వచ్చింది. తలారి చూపు కళ్లం నుంచి తాలూకా కచేరీ వైపు మళ్లింది.

1816 నాటి మార్పుకు జనం చెల్లించిన మూల్యం 1855 నాటి మద్రాసు చిత్రహింసల విచారణ కమిషన్ నివేదికలో ఉంది. పన్ను వసూలు, పోలీసు అధికారం ఒకే తహసీల్దారు చేతిలో ఉండడం వల్ల, శిస్తు బాకీ పడిన రైతుకూ అనుమానితుడికీ ఒకే రకం హింస దక్కింది. వేళ్లను చెక్కల మధ్య నలిపే కిట్టి అందులో ఒకటి. హింసించినవాడి మీద ఫిర్యాదు చేయాలంటే అతని పైఅధికారి దగ్గరికే పోవాలి. 1859 పోలీసు చట్టానికి ఈ నివేదిక కూడా దారి వేసింది. 1902లో నియమితమైన పోలీసు కమిషన్ సైతం కావలివాడు ఊరి సేవకుడిగా గ్రామపెద్ద కింద ఉండాలే తప్ప పోలీసుల కింద ఉద్యోగి కాకూడదని చెప్పింది. అదే కాలపు మరో చట్టం ఇంకో దారి పట్టింది. 1911 నేరస్థ తెగల చట్టంతో ఎరుకల వంటి కులాలను పుట్టుకతోనే అనుమానితుల జాబితాలో చేర్చారు. వాళ్ల రాకపోకలు కనిపెట్టి కబురు పంపడం గ్రామోద్యోగుల విధుల్లో చేరింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో హాజరు పలకడం, సెలవు చీటీ లేకుండా కదలకపోవడం బతుకులో భాగమయ్యాయి. ఇళ్లకు కావలిగా పుట్టిన ఏర్పాటు మనుషుల మీద కావలిగా మారింది. 1952లో ఆ చట్టం రద్దయినా, ఆ ముద్ర ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. పాత తలారి ఏర్పాటు అంత న్యాయమైనదా? కాదు. కావలిదార్లే దోచుకుని, రుసుము కట్టనివాడి పశువులను మాయం చేసిన ఉదంతాలు దక్షిణాదిన కోకొల్లలు. కులం సంగతి ఇంకా చేదు. 1816 రెగ్యులేషన్ తిట్లు, చిన్న కొట్లాటలకు గ్రామపెద్ద వేయగల శిక్షను 12 గంటలు చావడిలో నిర్బంధంగా నిర్ణయించింది. నిందితుడు కింది కులంవాడైతే 6 గంటలు బొండలో బిగించవచ్చని అదే సెక్షన్ రాసిపెట్టింది. ఒకే తప్పు చేసిన ఇద్దరిలో ఒకడు చావడి అరుగు మీద కూర్చుంటాడు, మరొకడు కాళ్లు కొయ్యలో ఇరికి వీధిలో ఉంటాడు. ఇది కాదనలేని నిజం. కానీ ఈ నిజం నా వాదనను దెబ్బతీయదు, దానికి పదును పెడుతుంది. తలారి జవాబు చెప్పింది రాశి ఉన్నవాడికి. భూమి లేని మాల మాదిగలకు కళ్లం లేదు, మేర ఇచ్చే చేయి లేదు, అందుకే నిలదీసే నోరూ లేదు. ఊరంటే భూస్వాములే అయిన చోట ఊరికి జవాబుదారీ అంటే భూస్వాములకు జవాబుదారీయే. కాబట్టి ఆ వ్యవస్థను సరిదిద్దాల్సింది జవాబుదారీని రద్దు చేయడం ద్వారా కాదు, అందరికీ సమానంగా విస్తరించడం ద్వారా.

కావలి ఎవరికి జవాబు చెబుతుందన్న ఈ తేడాను 1948 తెలంగాణ రక్తంతో రాసింది. మజ్లిస్ పార్టీ స్వచ్ఛంద దళంగా మొదలైన రజాకార్లు నిజాం పోలీసుల వెంట ఊళ్ల మీదికి వెళ్లారు. వాళ్లను ఏ ఊరూ ఎన్నుకోలేదు, ఏ ఊరికీ వాళ్లు లెక్క చెప్పలేదు. అదే సమయంలో బైరాన్‌పల్లి జనం బురుజు మీద పహరా పెట్టుకుని, శత్రువు కనపడగానే ఊరిని లేపి, పలుమార్లు దాడులను తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న నిజాం బలగాలతో కలిసి రజాకార్లు ఆ ఊరిని వల్లకాడు చేశారు. రెండు పక్షాలదీ కావలే, రెండింటిలోనూ స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. ఒకటి ఊరి మాట విన్నది, రెండోది పాలకుడి మాట మాత్రమే విన్నది.

మరి శాంతిభద్రతలు ప్రభుత్వ బాధ్యత కదా, స్వచ్ఛంద కావలి అంటే తక్కువ ఖర్చుతో ఆ బాధ్యతను జనం నెత్తిన రుద్దడం కాదా అన్నది రెండో అభ్యంతరం. అందులో చాలా బలం ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సాగిన సల్వాజుడుం కాలంలో ఆదివాసీ యువకులను నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనంతో ప్రత్యేక పోలీసు అధికారులుగా చేర్చుకుని తుపాకులిచ్చారు. ఆ మంటలకు తాళలేక ఎన్నో ఆదివాసీ కుటుంబాలు గోదావరి తీరానికి, ఖమ్మం అడవుల్లోకి వలస వచ్చాయి. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ నియామకాలు రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. తమిళనాడులో 1993లో రామనాథపురంలో మొదలైన ‘ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్’ మంచి పేరు తెచ్చుకుంది. కానీ 2020లో సాత్తాన్‌కుళం కస్టడీ మరణాల్లో ఆ వాలంటీర్ల పాత్రపై ఆరోపణలు రావడంతో ప్రభుత్వం దాన్ని నిషేధించాల్సి వచ్చింది. కాబట్టి అరెస్టు, విచారణ, ఆయుధం శిక్షణ పొంది చట్టానికి బద్ధులైన పోలీసుల చేతిలోనే ఉండాలి. కానీ వీధిలో ఎవరి తలుపు రెండు రోజులుగా తెరుచుకోలేదో, ఏ ఇంట్లో ఆడమనిషి దెబ్బలు తింటున్నదో ఠాణాకు తెలిసేది పొరుగువాడి ద్వారానే. ఆ పని పోలీసు చేయలేడు, దాన్ని వదులుకుంటే నష్టపోయేది బలహీనులే.

నగరాల్లో ఊరే లేదు, పక్క ఫ్లాట్‌లో ఉండేవాడి పేరు తెలియని చోట ఈ పాత పాఠం పనికిరాదని మరికొందరంటారు. తలారి ఏర్పాటు నడిచింది పరిచయాల మీద మాత్రమే కాదు, ఏటా కళ్లంలో లెక్క తేలే నియమం మీద. పరిచయాన్ని కొత్తగా పుట్టించలేం, నియమాన్ని పెట్టుకోగలం. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి, ఆ రద్దు అవసరమైనదే. కానీ వాటి స్థానంలో కావలికి జవాబు అడిగే వేదిక ఏదీ రాలేదు. ఇవాళ హైదరాబాదులో ‘నేను సైతం’ పేరుతో జనమే డబ్బు పెట్టి కెమెరాలు పెట్టిస్తున్నారు. మేర ఇస్తున్నది జనమే, లెక్క అడిగే హక్కే వాళ్లకు రాలేదు. శాంతి కమిటీలో ఎవరున్నారో ఠాణా గోడ మీద రాసి ఉండాలి. దళితులు, ముస్లింలు, అద్దె ఇళ్లవాళ్లు, ఆడవాళ్లు అందులో ఉండాలి. వాళ్ల పదవికి గడువు ఉండాలి. కెమెరా దృశ్యాలను ఎవరు, ఎందుకు చూశారో వార్డు సభలో చెప్పాలి. అనుమానం మీద ఒకరి పేరు రాసినవాడు అది తప్పని తేలితే సంజాయిషీ ఇవ్వాలి. ఈ షరతులు పెట్టలేనిచోట స్వచ్ఛంద కావలి వద్దనడమే మేలు, పెట్టగలిగినచోట దానికి మించిన రక్షణ పేదవాడికి లేదు.