మన వంటింటి కింద సముద్రం



పొద్దున లేచి వంటిల్లు కడిగేటప్పుడు కాళ్ళ కింద వున్న బండల గురించి మనం ఎప్పుడైనా ఆలోచిస్తామా? పాచి పట్టిందా, జారుతోందా అని తప్ప వేరే ఆలోచన రాదు. నా పుట్టిల్లు ఆళ్లగడ్డ, మెట్టినిల్లు నంద్యాల. రెండుచోట్లా గడపకు ఈవల బేతంచెర్ల బండలే, పొయ్యి గట్టు మీద నల్లటి కడపరాయే. ఈ బండ ఒకప్పుడు సముద్రం అడుగున వుండిన బురద అని నాకు మొదట చెప్పినవారు మా మామగారు. ఆయన బడిపంతులుగా చేసి రిటైరయినారు. నేను నవ్వినాను. నంద్యాలలో సముద్రమేమిటి, కుందూ నది వరదే చాలదా అన్నాను.

ఆయన చెప్పింది నిజమే. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త మన కడప, కర్నూలు రాళ్ళ గురించి ఒక పెద్ద గ్రంథం అచ్చువేసినాడు. ఆ తర్వాత ఈ రాళ్ళ పొరలకు శాస్త్రజ్ఞుల పుస్తకాల్లో స్థిరపడిన పేర్లు వింటే మన ఆర్టీసీ బస్సు బోర్డు చదివినట్టుంటుంది: బనగానపల్లె, నార్జీ, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల! ఇవన్నీ ఒక పాత సముద్రంలో ఇసుకా, సున్నమూ, బంకమన్నూ వరుసగా పేరుకొని గట్టిపడిన పొరలు. వాటి వయస్సు 50 కోట్ల ఏళ్ళకు పైమాటే. అంటే మనం మజ్జిగ చిలికేటప్పుడు పీట వేసుకునేది సాక్షాత్తూ సముద్రగర్భం మీదనే.

“అయితే మామయ్యా, ఈ బండల్లో తిమింగలం ఎముకలు దొరకవా?” అని అడిగినాను. దొరకవట. ఆ సముద్రం మరీ పాతది. అప్పటికి తిమింగలం మాట అటుంచి, ముల్లున్న చేప కూడా పుట్టలేదు. తిమింగలాలు వచ్చింది సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట. మన బండ ముందు తిమింగలం నిన్న పుట్టిన పసిపాప.

మరి తిమింగలం ఎముకలు ఎక్కడ దొరుకుతాయి? ఇప్పుడున్న సముద్రాల అడుగున. ఆ సంగతి లోకానికి తెలిసిన తీరు చిత్రమైనది. ఆ 1872వ సంవత్సరమే, డిసెంబరు నెలలో, ఇంగ్లండు నుంచి ‘ఛాలెంజర్’ అనే ఓడ బయలుదేరింది. యుద్ధానికి కాదు, వర్తకానికీ కాదు, సముద్రం అడుగున ఏముందో చూడడానికి. మూడున్నరేళ్ళు తిరిగి 1876లో ఇల్లు చేరింది. మైళ్ళ పొడవు తాళ్ళకు సంచుల వంటి వలలు కట్టి అడుగుకు దించేవారు. మనం బావిలో పడిన చేద కోసం పాతాళ గరిగె వేసి వెతుకుతామే, అదే పని. అయితే ఇక్కడ బావి లోతు రెండు మూడు మైళ్ళు!

పసిఫిక్ సముద్రంలో అట్లా లాగిన వలల్లో ఎర్రటి బంకమన్ను వచ్చింది. దాన్ని కడిగి జల్లెడ పడితే నల్లటి వుండలు, వందలకొద్దీ సొరచేప పళ్ళు, వాటితోపాటు గవ్వల్లాగా ముడుచుకున్న బరువైన ముక్కలు కనిపించినాయి. అవి తిమింగలాల చెవి ఎముకలు. పళ్ళలో కొన్ని ఏనాడో అంతరించిన పెద్ద సొరచేపలవి. ఎన్నో లక్షల ఏళ్ళుగా ఆ చీకట్లో పడి వున్నందుకు వాటిమీద మాంగనీసు అనే లోహం మసిలాగా పేరుకుని వుంది.

అంత పెద్ద జంతువుకు చెవి ఎముకే ఎందుకు మిగిలింది? వినండి. తిమింగలం చచ్చి అడుగుకు చేరినాక మాంసాన్ని జలచరాలు తినేస్తాయి. ఎముకలు బెండులాగా తేలికైనవి, నూనె నిండినవి. వాటిని పురుగులు తొలుస్తాయి, ఉప్పునీరు నెమ్మదిగా కరిగిస్తుంది. చెవి ఎముక మాత్రం రాయిలాగా గట్టిది, ఎందుకంటే తిమింగలం నీళ్ళలో వినాలి గదా! నడి సముద్రంలో మన్ను పేరుకోవడం కూడా మహా నిదానం. వెయ్యేళ్ళకు ఒకటి రెండు మిల్లీమీటర్లు. అందుకే లక్షల ఏళ్ళనాటి ఎముక కూడా పూడిపోకుండా వలకు అందింది. దక్షిణాఫ్రికా దగ్గర చేపల వలల్లో ముక్కు తిమింగలాల పాతకాలపు పుర్రెలే పైకి వచ్చినాయని 2007లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు.

ఇక మన ఊరికి వద్దాం. ఆ ఓడ తిరిగి వచ్చిన కొన్నేళ్ళకే, మన నంద్యాల జిల్లాలోనే, ఇట్లాంటి వెతుకులాటే నేలమీద జరిగింది.

బేతంచెర్ల దగ్గర బిలస్వర్గం గవులున్నాయి. గుహను మన సీమలో గవి అంటాం. దొరలు తమ నోటికి వచ్చినట్టు ‘బిల్లా సుర్గం’ అని రాసుకున్నారు. 1844లో మద్రాసు సైన్యంలోని కెప్టెన్ న్యూబోల్డ్ అనే ఆయన ఆ గవుల మట్టిలో పాతకాలపు ఎముకలున్నాయని అచ్చువేసినాడు. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఎవరికీ పట్టలేదు. చివరకు హక్స్‌లీ అనే పెద్ద శాస్త్రవేత్త మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు చెప్పగా, పని రాబర్ట్ బ్రూస్ ఫూట్ చేతికి వచ్చింది. 1863లో మద్రాసు పక్కన పల్లావరంలో ఆదిమానవుడి రాతిగొడ్డలి కనిపెట్టిన ఆయన ఈయనే. 1884లోనూ 1885లోనూ ఆయన కొడుకు లెఫ్టినెంట్ హెన్రీ ఫూట్ కూలీలను పెట్టి గవుల నేలను పొరలు పొరలుగా తవ్వించినాడు.

వేలకొద్దీ ఎముకలు బయటపడినాయి. వాటిని లిడెక్కర్ అనే శాస్త్రజ్ఞుడు పోల్చి 1886లో పుస్తకంగా ప్రకటించినాడు. ఖడ్గమృగం, పెద్దపులి, దుమ్ములగొండి, ఎలుగుబంటి, మనుబోతు, ఏదుపంది, అలుగు... వినండమ్మా, బేతంచెర్లలో ఖడ్గమృగం! ఇప్పుడు దాన్ని చూడాలంటే అస్సాము పోవాలి.

అన్ని ఎముకలు గవిలోకి ఎట్లా చేరినాయి? కొన్నిటిని పులీ, దుమ్ములగొండీ తిండిగా ఈడ్చుకొచ్చినాయి. ఏదుపంది ఎముకలు పోగుచేసి పళ్ళతో కొరుక్కుంటుంది, ఆ గాట్లు ఎముకల మీద కనిపిస్తాయి. వాననీటితో వచ్చిన మట్టి పైన కప్పింది. సున్నపురాయి గవి గనుక ఆ సున్నమే ఎముకను కాపాడింది. లోతు సముద్రం ఎముకను కరిగిస్తే మన గవి దాన్ని దాచిపెట్టింది.

తర్వాత మనవాళ్ళూ పూనుకున్నారు. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తిగారు అదే ప్రాంతంలో ముచ్చట్ల చింతమాను గవి తవ్వి, మనుషులు వాడిన పనిముట్లూ, నిప్పు రాజేసిన పొయ్యి గుర్తూ చూసినారు. వేల ఏళ్ళ కిందట అక్కడ ఎవరో ఇల్లాలు కూడా పొగకు కళ్ళు నులుముకుని వుంటుంది! ఈమధ్య బిలస్వర్గాన్ని మళ్ళీ తవ్వి 2014లో ఫలితాలు ప్రకటించినారు. గుర్తించిన 21 రకాల జంతువుల్లో 20 రకాలు కనీసం లక్ష ఏళ్ళ నుంచి, కొన్ని రెండు లక్షల ఏళ్ళ నుంచి, ఈ ఉపఖండంలో వుంటూనే వున్నాయట. పోయింది ఒక పెద్ద కోతి జాతి మాత్రమే. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఆ కాలంలోనే పెద్ద జంతువులు ఎన్నో అంతరించినాయి. ఇక్కడ కరువులకూ మనుషులకూ ఓర్చుకుని నిలిచినాయి. ఆ మాట చెప్పగలిగింది మన గవి మట్టి.

ఇంత చరిత్ర ఈ రోజు ఎందుకు ఎత్తుకున్నానో చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే వుంది.

మా మామగారి దగ్గర ఒక పాత బిస్కెట్ల డబ్బా వుండేది. వయసులో వున్నప్పుడు బేతంచెర్ల వైపు తిరిగి ఏరుకున్న రాళ్ళూ, ఎర్రమట్టి పట్టిన ఒకటి రెండు ఎముక ముక్కలూ అందులో పెట్టుకున్నారు. ఒక్కొక్కదానికి కాగితం చుట్టి, ఎక్కడ ఎప్పుడు దొరికిందో రాసిపెట్టినారు. ఆయన పోయిన మరుసటి ఉగాదికి ఇంటికి సున్నం వేయిస్తూ, అటక దులిపి, ఆ డబ్బాను చెత్తతోపాటు నేనే బయట పోయించినాను. డబ్బా మాత్రం కడిగి ఎండుమిరపకాయలకు వాడుకున్నాను.

నాలుగు రోజులకు అత్తగారు అడిగింది. “మీ మామ డబ్బా యాడ పెట్టినావమ్మా?”

“రాళ్ళే కదత్తా, పారేసినాను.”

ఆమె కోప్పడలేదు. “నాకూ అవి రాళ్ళే. ఆయనకు కాదు గదా,” అని కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక సంగతి చదివినాను. ఏ. రంగారావుగారు అనే భూగర్భ శాస్త్రవేత్త జమ్ము ప్రాంతంలో కాలాకోట్ దగ్గర రాళ్ళు సేకరించినారు. 1971లో వాటిలో ఒక చిన్న జంతువును గుర్తించి ‘ఇండోహయస్’ అని పేరు పెట్టినారు. ఆయన పోయినాక ఇంకా పగలగొట్టని రాళ్ళు మిగిలిపోయినాయి. ఆయన భార్య వాటిని పారేయలేదు. భద్రంగా వుంచి, తర్వాత తెవిస్సెన్ అనే అమెరికా ప్రొఫెసరుకు అప్పగించింది. అక్కడ శుభ్రం చేస్తుండగా సహాయకుడి చేతిలో ఒక పుర్రె పొరపాటున విరిగింది. విరిగిన చోట చెవి ఎముక కనిపించింది. దాని లోపలి గోడ తిమింగలాల చెవికి మాత్రమే వుండే మందంలో వుంది! జింకపిల్ల వంటి నాలుగుకాళ్ళ జంతువు తిమింగలాలకు దగ్గరి చుట్టమని 2007 డిసెంబరులో లోకానికి తెలిసింది. సుమారు 4 కోట్ల 80 లక్షల ఏళ్ళనాటి ఆ చుట్టరికం మన దేశపు రాళ్ళలో దొరికింది, ఒక ఇల్లాలి జాగ్రత్త వల్ల నిలిచింది.

ఆమె వుంచింది, నేను పారేసినాను. మా మామగారి డబ్బాలో అంతటి విశేషం వుండేదని నేను అనడం లేదు. వుందో లేదో చూసే దారి నా చేత్తో మూసినానన్నదే నా బాధ.

కాబట్టి నా మనవి ఇదే. ఇంట్లో పెద్దవాళ్ళు దాచిన కాగితాలూ, రాళ్ళూ, పాత నాణేలూ అటకమీద వుంటే పారేసేముందు తెలిసినవాళ్ళకు ఒకసారి చూపించండి. దొరికిన చోటు రాసిన కాగితాన్ని వేరు చేయకండి. ఆ చీటీ పోతే ఎముక వట్టి ఎముకే. పిల్లలతో బేలం గుహలకో యాగంటికో పోయినప్పుడు గవి నేలను తవ్వనీయకండి, గోడమీద పేర్లు గీకనీయకండి. మన ఇళ్ళకు బండలూ కావాలి, సిమెంటూ కావాలి, కాదనను. కానీ ఒకసారి పెకలించిన గవి మళ్ళీ రాదు.

ఇప్పుడు నేను వంటిల్లు కడిగేటప్పుడు చీపురు కాస్త నెమ్మదిగా ఆడుతుంది. అత్తగారు చూసి, “ఏమి, సముద్రం కనపడిందా?” అని నవ్వుతుంది. మిరపకాయల డబ్బా ఖాళీ చేసి, తుడిచి, మళ్ళీ అటకమీద పెట్టినాను. మా అబ్బాయి ఏటిగట్టున ఏరుకొచ్చిన గులకరాళ్ళు నాలుగు అందులో వేసినాడు. చీటీ నేనే రాసినాను.

సెలవు.