ఇరవై మందే ఎందుకు? మన సంఘాల కాగితాల కథ

సంఘం పెట్టేటప్పుడు ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు అడుగుతారు. "మా తోడికోడలు కూడా వస్తానంటోంది, ఇరవై దాటితే ఏమవుతుంది అక్కా?" అని. అది బ్యాంకు వాళ్లు పెట్టిన లెక్క అని చాలామంది అనుకుంటారు. కాదు. 1956 కంపెనీల చట్టంలో ఒక నిబంధన ఉండేది. లాభం కోసం కలిసి వ్యాపారం చేసేవాళ్లు ఇరవై మందిని మించితే రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సిందే. ఇరవై వరకు అక్కర్లేదు. అందుకే మన సంఘాలు ఇరవై దగ్గర ఆగాయి. 2013 కొత్త చట్టం తర్వాత ఆ హద్దు యాభైకి పెరిగింది గానీ, మన పుస్తకాల్లో ఇరవై అట్లాగే ఉండిపోయింది.

1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ మొదలుపెట్టినప్పుడు కూడా రిజిస్ట్రేషన్ కాగితం అడగలేదు. తీర్మానం, పొదుపు లెక్కలు, మినిట్స్ పుస్తకం చూసి అప్పు ఇచ్చారు. నెల్లూరు జిల్లాలో సారా మీద పోరాడిన ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచుకుని పొదుపు లక్ష్మి సంఘాలు పెట్టుకున్నది కూడా ఆ రోజుల్లోనే.

సంఘాలన్నీ కలిసి సమాఖ్య అయ్యేసరికి సంగతి మారింది. వందల మంది సొమ్ము ఒకచోట చేరాక చట్టం ముందు దానికొక పేరు ఉండాలి. అప్పటికి ఉన్నది 1964 సహకార సంఘాల చట్టం. అందులో మనం ఎన్నుకున్న పాలకవర్గాన్ని ప్రభుత్వం రద్దు చేసి, ఆఫీసరును కూర్చోబెట్టవచ్చు. ఎన్నికలు వాయిదా వేయవచ్చు. సొమ్ము మనది, తాళం వాళ్లది అన్నట్టు. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. దేశంలో ఇలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం మనదే. వేర్వేరు కుటుంబాల నుంచి పదిమంది చేరి, బైలా రాసుకుని రిజిస్ట్రేషన్‌కు వెళ్లవచ్చు. ప్రభుత్వం వాటా పెట్టదు, కాబట్టి పెత్తనమూ చేయదు. వెలుగు వచ్చాక మండల సమాఖ్యలు ఎక్కువగా ఈ చట్టం కిందే రిజిస్టర్ అయ్యాయి. మన సమాఖ్య కూడా అంతే. ఆ బైలా ఆఫీసు బీరువాలోనే ఉంది. మిగులు ఎట్లా పంచాలో, పదవిలో ఎన్నాళ్లు ఉండాలో అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని చదివినవాళ్లు ఎంతమందో నేను ఇక్కడ రాయను.

సంతకం విషయంలో గుజరాత్ ఆడవాళ్ల సంగతి చెప్పాలి. అహ్మదాబాద్‌లో ఇలాబెన్ భట్ గారు, కూరగాయలు అమ్మేవాళ్లు, బరువులు మోసేవాళ్లు కలిసి 1972లో 'సేవ' పెట్టారు. యజమాని లేకుండా యూనియన్ ఏమిటని లేబర్ ఆఫీసు వాళ్లు మొదట రిజిస్టర్ చేయమన్నారు. 1974లో నాలుగు వేల మంది తలా పది రూపాయలు వేసి సొంత బ్యాంకు పెట్టుకోబోతే, చదువురాని ఆడవాళ్లకు బ్యాంకు ఏమిటన్నారు. కాగితాల మీద సంతకం చేయాల్సిన పదిహేను మందికి అక్షరం రాదు. ఆ రాత్రంతా కూర్చుని ఎవరి పేరు వాళ్లు రాయడం నేర్చుకుని, తెల్లారి వెళ్లి తప్పు లేకుండా సంతకాలు పెట్టారు. బ్యాంకు రిజిస్టర్ అయింది.

ఇప్పుడు మన కారప్పొడి యూనిట్ సంగతి. ఉత్పత్తిదారుల కంపెనీగా రిజిస్టర్ చేయించాలని పోయిన సర్వసభ్య సమావేశంలో మాట వచ్చింది. ప్రొఫెసర్ అలఘ్ గారి కమిటీ చెప్పాక, 2002లో చట్టం మార్చి ఈ కంపెనీలకు దారి ఇచ్చారు. పదిమంది ఉత్పత్తిదారులు చాలు. డైరెక్టర్లు ఐదుగురికి తగ్గకూడదు, పదిహేను దాటకూడదు. షేర్లు ఎన్ని ఉన్నా మనిషికి ఒకటే ఓటు. బయటి షావుకారు షేర్లు కొనుక్కుని పెత్తనం చేయడానికి లేదు. నాకు నచ్చింది ఇదే.

కాగితాలు ఇప్పుడు అన్నీ కంప్యూటర్లోనే. పేరు ఖాయం చేసుకోవడం, ఆధార్, పాన్, ఆఫీసు చిరునామాకు కరెంటు బిల్లు, మెమోరాండం, ఆర్టికల్స్. మెమోరాండంలో మనం చేసే పనులన్నీ రాయించాలి. కారం ఒక్కటే రాయిస్తే, రేపు పచ్చళ్లు పెట్టాలంటే మళ్లీ మార్పించాలి, మళ్లీ ఫీజు. ఆర్టికల్స్ అంటే మన బైలా లాంటిదే. అవి ఇంగ్లీషులో వస్తాయి. తెలుగులో చదివి వినిపించాకే డబ్బు కడతామని ఆడిటర్ గారితో ముందే చెప్పాం.

పిల్లను కనడం ఒక ఎత్తు, పెంచడం ఒక ఎత్తు. కంపెనీ పుట్టిన 90 రోజుల్లోపు మొదటి సర్వసభ్య సమావేశం పెట్టాలి. ఏటా లెక్కల ఫారం ఒకటి, వార్షిక రిటర్ను ఒకటి వేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు. వ్యాపారం జరగలేదంటే కూడా వదలరు. యూనిట్ లాభంలో ఈ ఖర్చు ముందే పక్కన పెట్టలేకపోతే, ఇంకో ఏడాది ఆగుదామని నా అభిప్రాయం.

ఇంకొకటి. డైరెక్టరు సంతకం ఇప్పుడు పెన్ డ్రైవ్ లాంటి చిన్న డబ్బీలో ఉంటుంది. డిజిటల్ సంతకం అంటారు. "మా దగ్గరే పెట్టండమ్మా, పని తొందరగా అవుతుంది" అంటారు కాగితాలు చేసేవాళ్లు. అది ఎవరి చేతిలో ఉంటే మన పేరున ఏ కాగితమైనా వాళ్లు పంపగలరు. ఆ డబ్బీ మన బీరువాలో ఉండాలని, తీసిన ప్రతిసారీ తేదీ, పని రిజిస్టర్లో రాయాలని తీర్మానం రాసి పెట్టాను. వచ్చే నెల గ్రామ సంఘాలకు వస్తుంది, చదివి మీ మాట చెప్పండి.